గరిమ నౌకలో వంటమనిషి

నేను ఒక హెల్మెట్‌ని. స్కూటర్ నడిపేవాళ్లు పెట్టుకునేది కాదు, అంతరిక్షంలోకి వెళ్లేవాళ్లు పెట్టుకునేది. అంతరిక్షం అనగానే ఏదేదో ఊహించుకోకండి. హైదరాబాదులో ఒక గోడౌను, అందులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నల్లగుడ్డ, గుడ్డకి చిల్లులు, చిల్లుల వెనక బల్బులు. అంతకంటే పైకి నేను ఎప్పుడూ వెళ్లలేదు. ప్రస్తుతం విశాఖపట్నంలో ఒక యూనివర్సిటీ తెలుగు శాఖలో గాజు బీరువాలో ఉంటున్నాను. ‘గరిమయాత్ర సీరియల్లో కథానాయకుడు ధరించిన శిరస్త్రాణం’ అని కింద చీటీ అంటించారు. కథానాయకుడు నన్ను ముట్టుకోను కూడా లేదు. అయినా రాసినవాళ్లని తప్పుపట్టను. వెనక వరసలో నిలబడ్డవాడు పెట్టుకున్నది అని రాస్తే ఎవరు ఆగి చూస్తారు?

నా పుట్టుక సంగతి చెప్తాను. ఒక మట్టికుండ మీద జిగురూ ఫైబరు గుడ్డా పొరలు పొరలుగా అద్ది ఎండబెట్టారు. గట్టిపడ్డాక లోపలి కుండని సుత్తితో పగలగొట్టి పెంకులు దులిపేశారు. మిగిలిన డొల్లని నేను. ముందువైపు కోసి పసుపురంగు ప్లాస్టిక్ అద్దం బిగించారు, పైన వెండిరంగు కొట్టారు. నాతోటివాటిలో నున్నగా వచ్చినవి కెప్టెన్‌కీ ఆయన పక్కవాళ్లకీ పోయాయి. నా నుదుటి మీద రంగు బుడగలు కట్టింది కాబట్టి నన్ను వెనక వరసకి ఇచ్చారు. వెనక వరసవాళ్ల పని చచ్చిపోవడం. ఒకే మనిషి నన్ను పెట్టుకుని ఎన్నో ఆదివారాలు చచ్చిపోయాడు. మొహం కనపడదు కదా, మళ్లీ వారం లేచొచ్చి అదే చోట నిలబడేవాడు. దేశంలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

సీరియల్ బాగా నడుస్తున్న రోజుల్లో ఆ పాత్రలతోనే నవలలు కూడా వేద్దామని కంపెనీవాళ్లకి బుద్ధి పుట్టింది. విజయవాడలో గురునాథం అనే ప్రచురణకర్తకి ఆ పని అప్పజెప్పారు. ఆయన వెళ్లి సుభాషిణిని పట్టుకున్నాడు. సుభాషిణి విశాఖలో, ఇప్పుడు నేనున్న యూనివర్సిటీలోనే, తెలుగు లెక్చరరు. ఆమె సొంతంగా రాసిన నవల ఒకటి అప్పటికే కట్టలు కట్టలుగా గురునాథం గోడౌన్లో పడి ఉంది. “సొంతది జనం కొనలేదు కదమ్మా, ఈ గరిమ పడవవాళ్ల కథ రాసిపెట్టండి. పేరు వేరే పెడదాం” అన్నాడట. ఆమె సరేనంది. ‘గగన్’ అనే పేరుతో నవలలు రావడం మొదలైంది.

ఆ రాతకి ఒక నియమం ఉంది. పాత్రలు సీరియల్ వాళ్లవి, రాసేవాళ్లవి కావు. గరిమ నౌకని ఏ గ్రహానికైనా తీసుకుపోవచ్చు, ఎన్ని ప్రమాదాల్లోనైనా పడెయ్యొచ్చు. ఆఖరి పేజీకి మాత్రం ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని ఉండాలి. ఎవరూ చావకూడదు, పెళ్లి చేసుకోకూడదు, జుట్టు కూడా నెరవకూడదు. ఎందుకంటే వచ్చే ఆదివారం టీవీలో వాళ్లు మామూలుగా కనిపించాలి. నవలలో ఏం జరిగినా జరగనట్టే లెక్క.

మొదటి నవలలోనే సుభాషిణి పప్పులో కాలేసింది. కెప్టెన్ చంద్రుడి మీద నిలబడి కళ్లు తుడుచుకున్నాడని రాసింది. హెల్మెట్ తియ్యకుండా కళ్లెలా తుడుచుకుంటాడని కంపెనీవాళ్లు తగులుకున్నారు. గురునాథం తల పట్టుకుని, సీరియల్ గోడౌన్లో పనికిరాకుండా ఉన్న నన్ను అడిగి తీసుకుని పార్శిల్ చేశాడు. ఎదురుగా పెట్టుకుని రాయమని ఫోన్లో చెప్పాడు. అలా నేను ఆమె బల్ల మీదికి చేరాను.

ఆ ఇంట్లో ఇద్దరే ఉండేవారు, సుభాషిణీ ఆమె చెల్లెలు హైమా. హైమ ఒక బట్టల షాపులో పనిచేసేది. వంట తనే చేసేది, వంట చేస్తున్నంతసేపూ కూనిరాగం తీసేది, కూర అరచేతిలో వేసుకుని రుచి చూసేది. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కళ్లు మండకుండా నన్ను తలకి తగిలించుకునేది. నా లోపల ఒక మనిషి నవ్వడం నేను వినడం అదే మొదటిసారి. సెట్లో పెట్టుకున్నవాళ్లు ఉక్కకి తిట్టుకునేవాళ్లు తప్ప నవ్వేవాళ్లు కాదు.

“అక్కా, మీ కెప్టెన్ గారికి అన్నం ఎవరు వండుతారు?” అని అడిగింది ఒకరోజు నా లోపలినుంచే.

“వాళ్లు తినరే.”

“తినకుండా అంతంత దూరాలు పోతారా? పాపం కదా.”

సుభాషిణి నవ్వి మళ్లీ రాతలో పడింది. ఆ మాట ఆమె మనసులో ఎక్కడో ఉండిపోయిందని తర్వాత తెలిసింది.

ఆ ఏడు వానాకాలంలో హైమకి పచ్చకామెర్లు వచ్చాయి. మొదట ఇద్దరూ తేలిగ్గానే తీసుకున్నారు. ఎవరో పసరుమందు పోస్తారంటే వెళ్లి పోయించుకొచ్చారు. కాస్త తగ్గినట్టే తగ్గి ఒక్కసారిగా తిరగబెట్టింది. ఆస్పత్రికి ఇద్దరూ వెళ్లారు. సుభాషిణి ఒక్కతే వచ్చింది.

ఆమె ఏడవలేదు. చుట్టాలు వచ్చి ముక్కున వేలేసుకున్నారు. పక్కింటావిడ భుజం పట్టుకుని కుదిపి “ఏడవమ్మా, ఏడిస్తే తేలికవుతుంది” అని చెప్పింది. సుభాషిణి ఆవిడ వంక చూసి తల ఊపింది, అంతే. కార్యక్రమాలు అయిపోగానే చీర మార్చుకుని క్లాసుకి వెళ్లిపోయింది. ఆ రోజు పాఠం కరుణరసం. ఎప్పట్లాగే చెప్పాననీ, పిల్లలు రాసుకున్నారనీ ఎవరికో ఫోన్లో అంటుంటే విన్నాను. లోపల ఏమీ లేకుండా పైకి మనిషి ఆకారంలో ఉండటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆమె దాన్ని ఇంత త్వరగా నేర్చుకోవడం చూసి నాకు జాలేసింది.

తర్వాతి నవలలో గరిమ నౌకలోకి కొత్తమనిషి వచ్చింది. పేరు తాయారు. వంటమనిషి. కూనిరాగం తీస్తుంది, కూర అరచేతిలో వేసుకుని రుచి చూస్తుంది. గురునాథం ఫోన్ చేశాడు. పాతకాలపు ఫోన్లు, అవతలి గొంతు గదంతా వినపడేది.

“ఈ తాయారెవరమ్మా? సీరియల్లో లేదే?”

“అందరూ అన్నం తినాలి కదండీ.”

“నిజమే అనుకోండి. ఇంతకీ ఆఖరి పేజీలో ఈమె ఏమవుతుంది?”

“ఏమీ కాదండీ. వంటింట్లోనే ఉంటుంది.”

“అయితే నాకేం అభ్యంతరం లేదు.”

ఆ నియమం అంటే అదివరకు విసుక్కునే సుభాషిణి ఇప్పుడు దాన్నే పట్టుకుని వేలాడింది. ఏ రాక్షసులు మీదపడినా, ఏ ఉల్కలు తగిలినా, చివరికి తాయారు పొయ్యి దగ్గర నిలబడి అందరినీ భోజనాలకి పిలవాలి. అది కంపెనీవాళ్ల నియమం. దాన్ని మార్చే హక్కు రాసేవాళ్లకి లేదు. సుభాషిణి యూనివర్సిటీ నుంచి రాగానే నా ఎదురుగా కూర్చుని, తాయారుని ఒక ప్రమాదంలోకి దింపి, మళ్లీ భద్రంగా వంటింట్లోకి చేర్చేది. ఒక నవల అయ్యేసరికి ఇంకొకటి అందుకునేది.

ఈలోపు ఆమె రీడరైంది, ప్రొఫెసరైంది. ప్రబంధాల మీద రెండు లావుపాటి పుస్తకాలు వేసింది. ఇంటర్వ్యూలో సృజనాత్మక రచనలేమైనా ఉన్నాయా అని అడిగితే లేవండీ అని చెప్పిందట. డిపార్ట్‌మెంటులో ఒకాయన పరీక్ష పేపర్ల చాటున గగన్ నవల పెట్టుకుని చదివేవాడు. చదివినంతసేపు చదివి, ఇలాంటి చెత్త రాసేవాళ్లని తన్నాలి అనేవాడు. “నేనూ అవునండీ అనేదాన్ని” అని ఆమే గురునాథానికి చెప్పింది. చెప్పి నవ్వలేదు, బాధపడనూ లేదు.

సీరియళ్లకి కూడా రోజులు నిండుతాయి. ప్రకటనలిచ్చేవాళ్లు తప్పుకున్నారు. కంపెనీవాళ్లు ఆఖరి భాగంలో గరిమని సూర్యుడిలో పడేసి చేతులు దులుపుకున్నారు. నౌకలో ఉన్న ప్రతి ఒక్కరూ పోయారు. ఆఖరి నవల కూడా అలాగే ఉండాలన్నారు. ఈ సంగతి ఫోన్లో చెప్పడానికి మనసొప్పలేదేమో, గురునాథం రైలెక్కి వచ్చాడు. సుభాషిణి కాఫీ ఇచ్చి వింది. నియమం మారిపోతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన కాఫీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. “మీ తాయారు సీరియల్లో లేదు కదమ్మా. ఆమెని చంపమని ఎవరూ అనలేదు. ముందే ఎక్కడో దింపేయండి. అడిగేవాళ్లు లేరు” అన్నాడు.

సుభాషిణి మొహంలోకి ప్రాణం వచ్చింది. ఆయన్ని గేటు దాకా సాగనంపి వచ్చి వెంటనే కలం పట్టుకుంది. గరిమ దారిలో ఒక మజిలీ దగ్గర ఆగుతుంది. ఉప్పు నిండుకుందని తాయారు దిగుతుంది. తిరిగొచ్చేసరికి నౌక కదిలిపోతుంది. దూరంగా సూర్యుడి వైపు ఒక వెలుగు కనిపిస్తుంది. తాయారు బతికిపోయింది. ఆ పేజీ రాసిన సాయంత్రం సుభాషిణి ఎన్నాళ్లకో పొయ్యి వెలిగించి వేడిగా అన్నం వండుకుంది.

మర్నాడు తర్వాతి పేజీకి కూర్చుంది. తాయారు తెల్లారి లేచింది అని రాసింది. మొహం కడుక్కుంది. మజిలీలో ఏదో పని దొరికితే వెళ్లింది. వచ్చి పడుకుంది. మళ్లీ లేచింది. రాస్తున్నకొద్దీ కలం నెమ్మదించింది. అందరికీ వండిన చెయ్యి ఒక్కదానికి వండుకోవడం మానేసింది అని రాసి ఆగిపోయింది. పక్కనున్న పేజీలన్నీ మళ్లీ చదివింది. కూనిరాగం ఎక్కడా లేదు. ఆమె రాయడం మర్చిపోలేదు, అక్కడ దానికి చోటు లేదు. ఆ వాక్యాల్లో తాయారు పేరు కొట్టేసి సుభాషిణి అని రాసుకున్నా ఒక్క అక్షరం మార్చాల్సిన పని ఉండదు. అది నాకే తెలిసినప్పుడు ఆమెకి తెలియకుండా ఉంటుందా?

ఆ పేజీలు చింపేసింది. కొన్నాళ్లు బల్ల దగ్గరికి రాలేదు. తర్వాత వచ్చి, ఎక్కడా ఆగకుండా ఆఖరి అధ్యాయం రాసేసింది. గురునాథం వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకుని చదివాడు. అందులో తాయారు ఎక్కడా దిగలేదు. కెప్టెన్ వచ్చి ఇంక దారి లేదని చెప్తే, అయితే అందరూ రండి, వడ్డించేస్తాను అంటుంది. అందరూ కూర్చుంటారు. ఎవరో ఆమె వంట మెచ్చుకుంటారు. నౌక వెలుగులోకి వెళ్లిపోతుంది.

గురునాథం కళ్లద్దాలు తీసి పట్టుకున్నాడు.

“దింపేయమన్నాను కదమ్మా.”

“దింపానండీ. ఒక్కతే మిగిలిపోయింది. రోజూ లేచి పనికి వెళ్లొస్తోంది. ఎన్ని పేజీలు రాసినా అంతే.”

“బతికుంటే అదే చాలు కదమ్మా.”

“అది నాకు సరిపోయింది. హైమని అలా ఉంచలేనండీ.”

ఇన్నేళ్లలో ఆయన ఆ పేరు వినలేదు. “హైమ ఎవరమ్మా?” అని అడిగాడు.

“మా చెల్లెలు. చచ్చిపోయింది.”

అదివరకు ‘హైమ లేదు’ అనేది, ‘హైమ ఉన్నప్పుడు’ అనేది. ‘చచ్చిపోయింది’ అనే మాట ఆమె నోట నేను వినడం ఇదే మొదలు. గురునాథం కంగారుగా లేచి నిలబడ్డాడు. పాపం నిన్నో మొన్నో జరిగిందనుకున్నాడు.

“అయ్యో, ఎప్పుడమ్మా?”

సుభాషిణి బల్ల మీది కాగితాలు దగ్గరికి లాక్కుంది. మొహం కాగితాల మీద ఆనించింది. వీపు ఎగిరెగిరి పడుతోంది.

“ఇప్పుడేనండీ” అంది.