వెంట్ పైపు కింద అత్తగారి మంచం

హలో, వినబడుతోందా అందరికీ? భోజనాలయ్యాయా? అయితే కాస్త కూర్చోండి, మా ఇంట్లో కారిన పైపు సంగతి చెబుతాను.

మేడ మీద గది మా అత్తగారిది. ఆ గది మూలన ఒక పైపు కప్పులోంచి డాబా మీదికి పోతుంది. బాత్రూం వాసన బయటికి పోవడానికి పెట్టిన వెంట్ పైపు. అందులో నీళ్లు పారవు, ఉండేది గాలే. అయినా వాన పడితే చాలు, దాని చుట్టూ కప్పు తడిసి, చుక్కలు సరిగ్గా ఆవిడ మంచం మీద పడుతున్నాయి.

చూడటానికొచ్చిన మా బావమరిది వాళ్లమ్మ బట్టలు తనే బ్యాగులో సర్దేశాడు. "పదమ్మా, మా ఇంటికి పోదాం."

"నేను రాను రా. మీ ఇంట్లో కిటికీ తీస్తే పక్కింటి గోడ కనబడుతుంది."

"ఇక్కడ కిటికీ తీయకుండానే వాన కనబడుతోంది కదా."

అత్తగారు నా వైపు చూశారు. ఆవిడకి ఆ గదంటే ప్రాణం. అల్లుణ్ణి అడగాలంటే మాత్రం మొహమాటం. మా ఆవిడకి ఆ ఇబ్బంది లేదు. "చూస్తారేంటి, పైకెక్కండి," అంది.

ముందు బాత్రూంలో ఫ్లష్ లాగాం, కుళాయిలన్నీ తిప్పాం. కప్పు తడవలేదు. డాబా ఎక్కి పైపు నోట్లో చెంబెడు నీళ్లు పోశాను. అప్పుడూ ఏమీ లేదు. అంటే పైపు మంచిదే. ఈసారి పైపు మొదలు చుట్టూ, కప్పు మీద పోశాను.

కింద నుంచి అత్తగారి గొంతు నెమ్మదిగా వినిపించింది. "బాబూ, నా తలగడ మీద పడ్డాయి."

పైపుని పట్టుకుంటే ఊడబోయే పాలపన్నులా ఊగింది. చుట్టూ సిమెంటు పగిలి వేలు దూరేంత సందు పడింది. ఎందుకు ఊగిందా అని చూస్తే, దాని మెడకి బట్టలారేసే తాడు. తాడు నిండా తడి దుప్పట్లు.

"ఈ తాడెవరు కట్టారు?"

"నేనే బాబూ," అన్నారు అత్తగారు మెట్లెక్కి వస్తూ. "తాడు కట్టే స్తంభం నాకందదు. ఈ పైపు ఖాళీగానే ఉంది కదా అని."

"ఖాళీగా ఉంటే మెడకి తాడేస్తావా అమ్మా?" అన్నాడు ఆవిడ వెనకే వచ్చిన బావమరిది.

"నువ్వూ ఖాళీగానే ఉన్నావు, పట్టుకో," అని మా ఆవిడ దుప్పట్లన్నీ వాడి చేతుల్లో వేసింది.

తాడు విప్పాను. వదులైన సిమెంటుని ఉలితో కొట్టేసి, సందు బాగా ఆరనిచ్చాను. రబ్బరు కాలరు తొడిగి, అంచున సందు మూసే సీలెంటు పూసి, నీళ్లు నిలవకుండా చుట్టూ వాలుగా సిమెంటు చేశాను. పైపు మళ్లీ ఊగకుండా పిట్టగోడకి ఇనప పట్టీతో బిగించాను. సిమెంటు గట్టిపడేదాకా బావమరిది బ్యాగు గది గుమ్మం దగ్గర పెట్టుకుని మా ఇంట్లోనే తిన్నాడు.

"నీ పని నువ్వే పాసు చేసుకుంటే ఎలా బావా? నువ్వు నీళ్లు పొయ్యి, నేను చూస్తా. ఒక్క చుక్క పడినా అమ్మ నాతో వస్తుంది," అని మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

బకెట్ పోశాను. "పడిందా?"

"లేదు."

ఇంకోటి పోశాను. "ఇప్పుడు?"

"లేదు."

మరో బకెట్ పోసి అడిగితే జవాబు లేదు. గబగబా కిందికి దిగాను.

వాడు గురక పెడుతున్నాడు. మొహం మీద చుక్క లేదు. అత్తగారు బ్యాగులోంచి తన బట్టలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెడుతున్నారు.

"లేపకండి బాబూ," అన్నారు. "లేస్తే మళ్లీ మొదలుపెడతాడు."

అదండీ సంగతి. మీకు తెలిసినవాళ్లెవరైనా డాబా మీద పైపుకి తాడు కట్టి ఉంటే వాళ్లకి ఇది పంపించండి. దుప్పట్లు ఆరేదాకా ఆగొద్దు.