తలుపు మూయలేని కణం

గిన్నెలన్నీ తోమి, ఆఖరున తన కంచాన్ని విడిగా కడిగి విడిగా బోర్లించడం ఆమెకు అలవాటైపోయింది. ఈ కడుపు నిలిచాక చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ బి అని తేలిన నాటి నుంచీ అత్తగారు పెట్టిన ఏర్పాటది. కంచం వేరు, గ్లాసు వేరు, తువ్వాలు వేరు. వంట మాత్రం ఆమెదే. ఆ చేత్తో వండింది ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తింటారు. పొయ్యి దగ్గర వైరస్‌కు సెలవు కాబోలు! "కంచాలతో అంటుకోదత్తయ్యా, రక్తంతో వస్తుంది" అని చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది. "ఎక్కడ అంటించుకున్నావో ముందది చెప్పు" అన్నాడు భర్త. మీరూ పరీక్ష చేయించుకోండి అంటే ఇంతెత్తున లేచాడు. "నాకెందుకే? నేనేమైనా అలాంటివాణ్ణా?"

ప్రయోగశాలలో ఆమె రోజంతా పనిచేసేది ఆ వైరస్ మీదే. కాలేయ కణం ఒంటిమీద రిసెప్టర్ అనే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. తిండి అరగడానికి పనికొచ్చి, రక్తంలో తిరిగొచ్చే పైత్యరస లవణాలను లోపలికి తీసుకోవడం దాని పని. వైరస్ సరిగ్గా దాన్నే పట్టుకుని లోపలికి దూరుతుంది. ఆ తలుపు మూస్తే కణం చేసే ఆ చాకిరీ ఆగిపోతుంది. ఎందుకు తెరిచి పెట్టుకున్నావే పిచ్చిదానా, అని ఆమె కణాన్ని తిట్టుకునేది. ఆ వెంటనే ఏడుపొచ్చేది. తను మాత్రం ఏ తలుపు మూయగలిగింది గనక?

ఆమె దిగులంతా బిడ్డ గురించే. పుట్టగానే ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్లు పడితే చాలావరకు గండం గడిచినట్టే. కాన్పు చేసేవాళ్లకు సంగతి తెలియాలి, అంతే. "మనమెవరో తెలియని ఆసుపత్రికి పోదాం. ఎవరితోనూ అనకు, పరువు పోతుంది" అన్నాడు భర్త. ఆమె తలూపింది. ఎదురు చెప్పే ఓపిక ఎప్పుడో చచ్చిపోయింది.

నొప్పులు మొదలయ్యాక ఆ కొత్త ఆసుపత్రిలో నర్సు అడిగింది. "ఏమైనా జబ్బులున్నాయామ్మా?"

అత్తగారు కోడలి చెయ్యి నిమిరింది. "ఏమీ లేవు. మా కోడలు నిక్షేపంలా ఉంటుంది."

పెళ్లయ్యాక ఆవిడ నోట విన్న మొదటి మెచ్చుకోలు అది. భర్త గుమ్మంలో నిలబడి కళ్లతోనే హెచ్చరించాడు. నొప్పి ముంచుకొచ్చింది. ఆమె పళ్లు బిగబట్టి, అది తగ్గేదాకా ఆగింది.

"నాకు హెపటైటిస్ బి ఉంది సిస్టర్. బిడ్డకు ఇంజెక్షన్లు ఇప్పుడే తెప్పించండి."

అత్తగారి చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. భర్త మెల్లగా వరండాలోకి జారుకోబోయాడు. లేచి ఆపే శక్తి ఆమెకు లేదు.

"ఆయన్ని వెళ్లనివ్వకండి" అంది. "ఆయన రక్తం కూడా తీసుకోండి."