ఆకాశమల్లెకు గంజి

"నాటుకోకుంటే ఇంకోటి తెద్దాం తియ్," అంటూ చెప్పులేసుకున్నాడు దత్తాత్రి. అన్నది చెట్టు గురించే. అయినా బకెట్ పట్టుకున్న సుశీలకు ఒళ్లు జలదరించింది. ఆమె అతనికి రెండో పెళ్లాం మరి.

డెబ్బై ఒకటి ఎండాకాలంలో ఠాణేలో ఓ సేఠ్ బంగళా పడగొడుతుంటే, రెండు నిలువుల ఆకాశమల్లె చెట్టును వేళ్లు నరికించి, లారీకెత్తించి, దగ్గర్లోని టెంఘర్‌లో తన కరెంటు మగ్గాల షెడ్డు ముందు పాతించాడు దత్తాత్రి. ముచ్చట మగనిది, చాకిరీ ఆలిది. మగ్గాలకు దారం కండెలు చుట్టి, పదిమందికి రొట్టెలు కాల్చి, మిగిలిన పొద్దంతా సుశీల ఆ చెట్టుకే పెట్టింది. మొదలుకు తడి గోనె చుట్టింది. కొమ్మలు సగం తగ్గించమంటే ఎవరూ వినలేదు. నిజామాబాదులో ఆమె నాయన యాదయ్య తోటమాలి; ఆ పని ఆమెకు చిన్ననాటి నుంచీ తెలుసు. అత్తమ్మ మాత్రం పడుగు దారాలకు పట్టించగా మిగిలిన గంజి తెచ్చి రోజూ వేళ్ల మీద కుమ్మరించేది. వేళ్లు కుళ్తయని సుశీల అంటే కసిరేది.

"దారానికి బలమిచ్చేది చెట్టుకియ్యదా? నాకే చెప్పొచ్చినవా?"

ఇరవయ్యో రోజుకు ఆకంతా రాలింది. వారం తిరక్కుండానే, నడి వైశాఖంలో, ఆ మోడు నిండా తెల్లగా పూసింది. చలికాలం పూయాల్సిన చెట్టు! అంతా తన గంజి మహిమేనని అత్తమ్మ వాడంతా చెప్పుకుని మురిసింది. సుశీల మాత్రం మురవలేదు. అన్ని పూలకూ ఒక్క తేనెటీగ రాలేదు. గాలి లేకున్నా మగ్గాల అదురుకు పూలు టపటపా రాలేవి. ఆ వాసన వంటింట్లోకి, పక్కలోకి, పూలే పెట్టని ఆమె జడలోకి కూడా వచ్చింది.

ఒక సాయంత్రం ఆమెకు తల దువ్వుతూ అత్తమ్మ ఆ జడను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మా లక్ష్మవ్వ గిట్లనే వాసనొచ్చేది, కడుపుతోని, నీళ్లాడే ముందు. బంగారు తల్లి. వచ్చిన యేడే కాన్పాయె."

ఆ కాన్పులోనే మొదటి కోడలు లక్ష్మవ్వా, మూడోనాటికి బిడ్డా పోయిన సంగతి మాత్రం అత్తమ్మ ఎత్తలేదు.

"నువ్వేమో నెల కింద కడుపు పోయిందని ఇంకా మూలుగుతున్నవ్. మళ్ల నిలుపుకోవాలె గద. ఇయ్యాల్టి సంది పక్క వేరే వద్దని వాడికి చెప్పిన."

సుశీలకు నడుములో నొప్పి ఇంకా తగ్గనేలేదు. నాయన మాట గుర్తొచ్చింది: "వేరు పట్టని చెట్టు విరగపూసిందంటే సంబురపడకు బిడ్డా. సచ్చేముందు ఉన్నదంతా ఊడ్చి పెడ్తది." చూడని లక్ష్మవ్వ మీద ఆమెకు ఏడుపొచ్చింది. ఈ మాట ఆ పిల్లకు ఒక్కరైనా చెప్పి ఉంటే! ఏడుపు వెనకే ఒళ్లంతా మండే కోపమొచ్చింది.

నిచ్చెన వేసింది. దారాలు తెంపే కత్తెరతో పూలను గుత్తి గుత్తీ కోసేసింది. దత్తాత్రి వచ్చేసరికి నేలంతా తెల్లగా ఉంది, అత్తమ్మ గుండెలు బాదుకుంటోంది.

"పిచ్చి లేసిందా ఏందే? పూలన్ని కోస్తివి!" అరిచాడు దత్తాత్రి.

"ముందు వేరు పట్టనియ్యుండ్రి. ఈ యేడు దీనికి గంజి లేదు, పువ్వు లేదు," అంటూ దిగింది సుశీల. గదిలోంచి తన చాప తెచ్చుకుని, కండెల గదిలో పరుచుకుంది. గడప దాకా వెంట వచ్చిన మొగుడి ముఖంలోకి సూటిగా చూసింది.

"నాకు సుత గంతే," అని లోపల గడియ పెట్టుకుంది.