మేకపిల్లకు కొత్త నోరు

పిల్లల కార్టూన్లు తీసే స్టూడియోలో అందరూ ఆమెను గీతలక్క అనేవాళ్ళు. ఆమె గీసే గీతకు వంక పెట్టగలిగినవాళ్ళు ఆ మేడ మీద ఎవరూ లేరు. ఆమె గీసేది కాగితం మీద కాదు. కంప్యూటర్ తెర మీద ఒక చుక్క, దానికి కాస్త ఎడంగా మరో చుక్క, ఆ రెంటినీ కలుపుతూ ఒక వంపు. ఆ వంపును కొస పట్టుకుని లాగి, సవరించి, బుగ్గ చేసేది, చెవి చేసేది. అలా చేసిన బొమ్మను వెక్టర్ బొమ్మ అంటారు. బొటనవేలంత గీసినదాన్ని గోడంత పెంచినా అంచు చెదరదు. తర్వాత దాన్ని కదిలించేవాళ్ళకు వీలుగా ఉండాలి కాబట్టి తల వేరు, మెడ వేరు, కాలి పైభాగం వేరు, కింది భాగం వేరు, కనురెప్పలు వేరు, దేనికది ఒక్కో పొరలో పెట్టేది. కాలు ఊగినప్పుడు సందు కనబడకుండా కీలు దగ్గర లోపల ఒక గుండ్రాన్ని దాచేది. చూసేవాళ్ళకు నిండైన బొమ్మ. ఆమెకు మాత్రం కుట్టుకు ముందు పరిచిన గుడ్డ ముక్కలు.

అన్నిటికన్నా కష్టం నోళ్ళు. ‘ఆ’కు తెరుచుకునే నోరు వేరు, ‘ఈ’కి సాగే నోరు వేరు, ‘ఊ’కి సున్నా చుట్టే నోరు వేరు. ‘మ’ అన్నప్పుడు పెదవులు కలవాలి. ‘వ’ అన్నప్పుడు పై పళ్ళు కింది పెదవిని ఇలా తాకి అలా వదిలేయాలి. ఇవన్నీ విడివిడిగా గీసి ఇస్తే, రికార్డు చేసిన గొంతుకు తగ్గట్టు యానిమేటర్ ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతాడు. అప్పుడు బొమ్మ మాట్లాడుతుంది.

చిటుకు అనే మేకపిల్ల కోసం ఈ నోళ్ళన్నీ గీతలక్క తన చెల్లెలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసింది. చిటుకుకు గొంతు ఇచ్చేది ఆ చెల్లెలే.

ఇంట్లో ఆ పిల్ల పేరు పిట్ట. వసపిట్టలా వాగుతుందని తల్లి పెట్టిన పేరు, అరిగి అరిగి పిట్టగా మిగిలింది. తల్లి పోయేనాటికి పిట్టకు సొంతంగా జడ వేసుకోవడం కూడా రాదు. అప్పటినుంచి అక్కే జడ వేసింది, అక్కే స్కూల్లో దించింది, అక్కే తిట్టింది. తర్వాత అక్క పెళ్ళి చేసుకుంది, అది నిలవలేదు. పిట్ట ఆ జోలికే పోలేదు. ఇద్దరూ రెండు గదుల ఇంట్లో కలిసి ఉండేవాళ్ళు. ఒకరు వంటగదిలో, ఒకరు ముందుగదిలో ఉండి గోడ మీదుగా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోవడమంటే, చెప్పేది పిట్ట, ఊఁ కొట్టేది అక్క.

పిట్ట మాట్లాడబోయే ముందు ఎడమవైపు పెదవి కొస ఒక్క రవ్వ పైకి లేచేది, నవ్వు మాటకన్నా ముందే వచ్చి అక్కడ కూర్చున్నట్టు. గీతలక్క దాన్ని మేకపిల్లకు పెట్టింది. చిటుకు మూతి అలా పక్కకు లేచిందంటే చాలు, టీవీ ముందున్న పిల్లలు అది ఏం అనబోతోందో తెలియకుండానే నవ్వేసేవాళ్ళు.

ఆ గొంతు ఒకసారి బొంగురుపోయింది. జలుబు అనుకున్నారు. వేడినీళ్ళు తాగింది, మాట తగ్గించమంటే తగ్గించినట్టే తగ్గించి మళ్ళీ మొదలుపెట్టింది. బొంగురు పోలేదు. దర్శకుడు రికార్డింగ్ వాయిదా వేసి, డాక్టర్‌కు చూపించుకోమని పోరుపెట్టాడు. గొంతులోకి గొట్టం పెట్టి చూశారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టర్ ఇద్దరినీ కూర్చోబెట్టి మెల్లిగానే చెప్పాడు.

“స్వరపేటిక తీసేయాలమ్మా. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. తీసేస్తే బతుకుతారు. మాట మాత్రం ఉండదు.”

గీతలక్కకు ఆ తర్వాత అతను చెప్పిన ముక్క ఒక్కటీ చెవికెక్కలేదు. ఆసుపత్రి మెట్లు దిగి వస్తుంటే పిట్ట బొంగురు గొంతుతోనే అంది.

“చిన్నప్పుడు ఎన్నిసార్లు అన్నావక్కా, కాసేపు నోర్మూసుకోవే అని. చూశావా, నీ మాట ఎంత బుద్ధిగా వింటున్నానో!”

గీతలక్క అక్కడే చివరి మెట్టు మీద కూలబడిపోయింది. దారిన పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.

“ఛ, ఊరుకో. జోకులు కూడా వేయనివ్వవా? వేయగలిగినన్ని ఇప్పుడే వేసుకోవాలిగా” అంటూ పిట్ట పక్కనే చతికిలబడింది.

దర్శకుడు మంచివాడే. రెండు చేతులూ నలుపుకుంటూ గీతలక్క బల్ల దగ్గరికొచ్చి చెప్పాడు. పిట్ట ఒప్పుకుంటే, ఇదివరకు రికార్డు చేసిన ఆమె గొంతు విని ఆ తీరును కంప్యూటర్ నేర్చుకుంటుందట. ఆ తర్వాత ఏ మాట కావాలన్నా పిట్ట అన్నట్టే అంటుందట. గీతలక్కకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళేసరికి పిట్ట ఆరిన బట్టలు మడతపెడుతోంది.

“ఒప్పుకో పిట్టా. నీ గొంతు ఎక్కడికీ పోదు.”

“నా గొంతు పోతుందక్కా. మిగిలేది వేరేది.”

“వినడానికి అచ్చం నీలాగే ఉంటుందట.”

“అందుకే వద్దంటున్నా. నేను అనని మాటలు నా గొంతుతో వస్తుంటే, నేను ఇక్కడ కూర్చుని వినాలా?”

“నాకోసం ఒప్పుకోవే.”

“నీకోసమే వద్దనేది.” పిట్ట చేతిలోని తువ్వాలు పక్కన పడేసింది. “పొద్దస్తమానం దాన్నే పెట్టుకుని వింటావు. నీ సంగతి నాకు తెలీదూ? పక్కన నేను బతికే ఉంటాను, మాట లేకుండా. నా వంక తిరిగి కూడా చూడవు.”

గీతలక్కకు కోపం వచ్చింది. మొండిదానివన్నది, ఎదుటివాళ్ళ బాధ నీకు పట్టదన్నది. పిట్ట కూడా తగ్గలేదు. ఆ పూట ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా తిన్నారు. మర్నాటికి మామూలైపోయారు గానీ, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. దర్శకుడు కూడా ఆశ వదులుకున్నాడు.

ఆపరేషన్ రోజున, లోపలికి తీసుకెళ్ళేలోగా చెల్లెలి చేత ఏం మాట్లాడించుకోవాలా అని గీతలక్క తెగ ఆలోచించింది. అమ్మ పాడే జోలపాట ముక్క అడుగుదామా, ఊరికే అక్కా అని పిలిపించుకుందామా అనుకుంటుండగానే నర్సులు ముందుగానే వచ్చేశారు. మంచం కదిలింది. పిట్ట తలెత్తి వెనక్కి చూసింది.

“అక్కా, ఫోన్ చార్జర్ తెచ్చావా?”

“తెచ్చానే.”

“హమ్మయ్య.”

తలుపులు మూసుకున్నాయి. ఆ గొంతులోంచి వచ్చిన ఆఖరి మాట అదే. వరండాలో కుర్చీ మీద కూర్చుని గీతలక్క ఆ హమ్మయ్యను అదే సాగదీతతో, అదే ఊపిరితో తనలో తాను అనుకుంటూనే ఉండిపోయింది, ఎక్కడ మర్చిపోతానో అని.

పిట్ట బతికింది. మెడ మీద ఊపిరి తీసుకోవడానికి చిన్న రంధ్రం పెట్టి, దాని మీద పల్చటి గుడ్డ కట్టారు. రాసి చూపించమని ఒక తెల్లపలకా మార్కరూ ఇచ్చారు. వాటి అవసరం పడలేదు. పిట్ట పెదవులు కదపడమే ఆలస్యం, గీతలక్క చదివేసేది. ఏ అక్షరానికి ఆ నోరు ఎంత తెరుచుకుంటుందో ఆమెకన్నా ఎవరికి తెలుసు? “దాహమంటోంది”, “కిటికీ వేయమంటోంది”, “మీ చీర రంగు బాగుందంటోంది” అని ఆమె చెబుతుంటే నర్సులు ముక్కున వేలేసుకునేవాళ్ళు. నేనుండగా మా చెల్లికి మాట పోలేదండీ అని గీతలక్క కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. పిట్ట అప్పుడు కళ్ళు దించుకునేది. అలసట అనుకుంది అక్క.

స్టూడియోలో చిటుకుకు కొత్త గొంతు వెతికారు. నాటకాల్లో వేసే ఒకామె కుదిరింది. నెమ్మదైన మనిషి. గొంతు గలగలమంటూ స్పష్టంగా ఉంది. కానీ బొమ్మతో కలిపి చూస్తే ఎక్కడో తేడా కొట్టింది. కొత్తావిడ మాటను తిన్నగా, ఒక్క ఊపులో అనేస్తుంది. చిటుకు మూతేమో ముందు ఎడమపక్కకు లేచి, ఆనక తెరుచుకుంటుంది.

“నోరు ఒకరిది, మాట ఒకరిది అయిపోయిందమ్మా” అన్నాడు దర్శకుడు. “నోళ్ళు కొత్తగా గీయాలి. ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని చేయండి.”

“చేస్తానండీ” అంది గీతలక్క. చేయలేదు. తోక సరిచేసింది. గిట్టలకు నీడ వేసింది. బాగానే ఉన్న చెవులను విప్పి మళ్ళీ కట్టింది. ఫైల్లో నోళ్ళున్న పొర దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయేది. పోనీ ఇంకొకరికి ఇవ్వనా అని దర్శకుడు అడిగితే ఒంటికాలి మీద లేచింది. ఇంట్లో మాత్రం ఈ సంగతి పొక్కనివ్వలేదు.

ఒకనాడు మధ్యాహ్నం పిట్ట తనంతట తానే స్టూడియోకు వచ్చింది. కొత్తావిణ్ణి చూడాలనిపించిందట. కొత్తావిడ లేచి రెండు చేతులూ పట్టుకుంది. “మీ చిటుకును పాడుచేస్తానేమోనని భయంగా ఉందండీ” అంది. పిట్ట నవ్వి, చేసినంతవరకు చూపించమని సైగ చేసింది. తెర మీద మేకపిల్ల గంతులేస్తూ వచ్చి మాట్లాడింది. పిట్ట చివరిదాకా చూసి, అక్క వైపు తిరిగి పెదవులు కదిపింది. నోరు మార్చాలి, అంది.

“ఏమంటున్నారు?” అని అడిగాడు దర్శకుడు.

“బాగుందంటోంది” అంది గీతలక్క. “ఇలాగే ఉంచమంటోంది.”

పిట్ట ముఖం పాలిపోయింది. సంచిలోంచి తెల్లపలక తీసి, మార్కరు మూత పళ్ళతో పీకి, పెద్ద అక్షరాలతో రాసి అందరికీ కనబడేలా పట్టుకుంది.

“నేను అన్నది అది కాదు. నోరు మార్చాలి.”

దర్శకుడు పలక వంకా గీతలక్క వంకా మార్చి మార్చి చూశాడు. గీతలక్కకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను అనని మాటలు నా గొంతుతో వినాలా అని ఆనాడు పిట్ట భయపడింది కంప్యూటర్ గురించి. ఇప్పుడు సొంత అక్కే ఆ పని చేసింది.

పిట్టే ముందు తేరుకుంది. కొత్తావిణ్ణి సైగతో దగ్గరికి రమ్మని, చిటుకు నవ్వు గొంతులో పుట్టదని, భుజాల్లో పుట్టి పైకి వస్తుందని పలక మీద రాసి, తన భుజాలు ఎగరేసి చూపించింది. కొత్తావిడ అలాగే ఎగరేసి నవ్వింది. మూడోసారికి మేకపిల్ల నవ్వు వచ్చేసింది. యానిమేటర్ చప్పట్లు కొట్టాడు. పిట్ట కూడా కొట్టింది. అప్పుడు గీతలక్క వచ్చి తన కుర్చీలో కూర్చుని, కొత్తావిణ్ణి ఎదురుగా కూర్చోమంది. “ఆ అనండి” అంది. చుక్క పెట్టింది, వంపు లాగింది. “ఈ అనండి.” తలెత్తి చూసేసరికి పిట్ట గదిలో లేదు.

గీతలక్క వెతుక్కుంటూ వెళితే, మెట్ల మలుపులో కిటికీ పక్కన, గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. ఒళ్ళంతా ఊగిపోతోంది. ఏడుస్తోంది. ఏడుపుకు చప్పుడు లేదు. మెడ మీది గుడ్డలోంచి గాలి ఈలలాగా వచ్చిపోతోంది, అంతే. ఆపరేషన్ తర్వాత చెల్లెలు ఏడవడం గీతలక్క ఎప్పుడూ చూడలేదు. పక్కగదిలో ఇలా ఎన్నిసార్లు ఏడ్చిందో, తాను ఎన్నిసార్లు వినలేకపోయిందో అనుకుంటూ దగ్గరికి వెళ్ళింది.

“తప్పయిపోయిందే పిట్టా” అంది. “ఆ నోరొక్కటే మిగిలిందనుకున్నా. అది కూడా తీసేస్తే నువ్వు...”

పిట్ట ఇటు తిరిగింది గానీ పెదవులు కదపలేదు. ఫోన్ తీసి, కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు రాసి చూపించింది.

“నా నోరు నీకు మరీ బాగా తెలుసు. అందుకే నేను అనకముందే నువ్వు అనేస్తున్నావు. సగం సార్లు నేనన్నది అది కాదు. పోనీలే అని ఊరుకున్నా. ఇక నా నోరు చూడకక్కా. కళ్ళు చూడు. చెప్పాల్సింది రాసి చూపిస్తా.”

“రాయాలంటే ఆలస్యమవుతుందే” అంది గీతలక్క.

పిట్ట ఫోన్ వెనక్కి తీసుకుని ఒక్క మాట రాసింది. “అవనీ.”

ఆ తర్వాత గీతలక్క నోళ్ళన్నీ కొత్తగా గీసింది. పనిలో లోపం చేయడం ఆమెకు చేతకాదు కాబట్టి బాగా గీసింది. పాతవి దాచి ఉంచనా అని యానిమేటర్ అడిగితే, వద్దని తానే ఒక్కొక్కటీ ఎంచి తీసేసింది. ‘మ’ దగ్గర మాత్రం, ఆ మూసిన పెదవుల దగ్గర, కాసేపు ఆగింది.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పిట్ట రాస్తుంది, అక్క చదువుతుంది, మధ్యలో ఇద్దరూ వేచి ఉంటారు. అలవాటు కొద్దీ గీతలక్క చూపు చెల్లెలి పెదవుల మీదికి జారేది. జారినప్పుడల్లా బలవంతాన పైకి లాక్కునేది. కళ్ళు చదవడం ఆమెకు రాలేదు. నోరు చదివినంత తొందరగా అసలు రాలేదు. ఒక్కోసారి పిట్ట ఎదురుగా ఉన్నా, చాలా దూరాన ఉన్నట్టే అనిపించేది.

కొత్త భాగం టీవీలో వచ్చిన సాయంత్రం ఇద్దరూ సోఫాలో పక్కపక్కనే కూర్చున్నారు. చిటుకు గంతులేస్తూ వచ్చి, కొత్త నోటితో, కొత్త గొంతుతో తిన్నగా మాట్లాడింది. గోడ అవతలి ఇంట్లో పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. ఏం మారిందో వాళ్ళకు తెలియనే లేదు. తెలియకూడదనే గీతలక్క అంత కష్టపడింది. అయినా ఒక్క పిల్లాడైనా, ఇది మన చిటుకు కాదు అంటాడేమోనని చెవులు రిక్కించి విన్నది. ఎవరూ అనలేదు.

పక్కన పిట్ట భుజం వణికింది. గీతలక్క తిరిగి చూసింది, కళ్ళలోకే చూసింది. నిండుగా ఉన్నాయి.

“ఏమైనా చెప్పాలా?” అంటూ ఫోన్ అందించబోయింది.

పిట్ట తల అడ్డంగా ఊపి, అక్క భుజం మీద వాలిపోయింది. జాకెట్టు తడిసి చల్లగా తగులుతోంది. గీతలక్క ఆ తల మీద చెయ్యి వేసి టీవీ వైపే చూస్తూ కూర్చుంది. గోడ అవతల పిల్లలు మళ్ళీ నవ్వారు.