పరీక్షకి రాని పేరా

లైను కదలడం లేదు. నా ముందూ వెనకా టోపీలు పెట్టుకున్న తెల్లవాళ్లు, అందరి చేతుల్లోనూ ఖాళీ గిన్నెలు, మధ్యలో లుంగీ ఎగ్గట్టి మెడలో తువ్వాలేసుకుని నేనొక్కణ్ణి. ఇది అమెరికా అని నాకెవరూ చెప్పక్కర్లేదు, ఎందుకంటే పదో తరగతిలో సోమయాజులు మాస్టారు ఆర్థిక మాంద్యం పాఠం చెప్పినప్పుడు నేను ఊహించుకున్న అమెరికా అచ్చం ఇలాగే, మా రావులపాలెం బస్టాండులాగే ఉండేది, కాకపోతే ఇక్కడ చలి ఎక్కువ, పకోడీల బండి లేదు. లైను చివర ఎక్కడో ఊరికే రొట్టె పెట్టి చారు పోస్తున్నారట. చారంటే నాకు మిరియాల వాసనే వస్తోంది.

మాస్టారు నాకు నలుగురి అవతల నిలబడి ఉన్నారు. అదే తెల్ల పంచె, చంకలో అదే గొడుగు. ఆయన పోయి ఏడాది కావస్తోంది, పాడె వెనక శ్మశానం దాకా నేనూ నడిచాను, అయినా చచ్చిపోయిన మనిషి ఇక్కడెలా ఉన్నాడన్న అనుమానం నాకు రాదు, మాస్టారు లైన్లో నిలబడ్డమేంటి, మా ఊళ్ళో కిరసనాయిలు దగ్గర కూడా ఎవరూ ఆయన్ని నిలబడనిచ్చేవారు కాదే అని మాత్రం మనసు చివుక్కుమంటోంది.

ఆయన్ని ఒక్క మాట అడగాలి. మా నాన్న నాటినుంచీ ఆయన చేను మేమే కౌలుకి చేసేవాళ్లం. ఆ చేను పోయింది. పోవడానికి మొదలు ఆయన ఊరందరికీ చెప్పిన ఒక పాఠం. చెప్పేటప్పుడు, చివరికి మునిగిపోయేది నాలాంటి కౌలువాడేనని ఆయనకి తెలుసా, తెలీదా? తెలియకపోతే అది పొరపాటు, మనిషన్నాక చేస్తాడు. తెలిసే చెప్పుంటే మాత్రం, ఆయన కనిపించినప్పుడల్లా చెప్పులు విప్పి నిలబడ్డ నాకంటే వెర్రివెధవ కోనసీమలో ఇంకోడు లేడు. బతికుండగా అడుగుదామంటే దొరికితేగా, నన్ను దూరం నుంచి చూస్తే చాలు, ఎండా వానా లేకపోయినా గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుని కాలవ గట్టు దిగిపోయేవారు.

"ఏరా తాతారావూ, గిన్నె తెచ్చుకోలేదా?" అంటారు వెనక్కి తిరక్కుండానే.

ఇక్కడికొస్తానని నాకేం తెలుసండి అంటాను. మా మధ్య నిలబడ్డ నలుగురూ ఎప్పుడు తప్పుకున్నారో తెలీదు, నేను ఆయన పక్కనే నడుస్తున్నాను, ఆయన గొడుగు కొనతో అటూ ఇటూ చూపిస్తూ బళ్ళో చెప్పినట్టే చెప్పుకుపోతున్నారు. అదిగో ఆ తలుపులు మూసేసిన మేడ బ్యాంకట, దాని ముందు తోసుకుంటున్న జనం తాము దాచుకున్నదే తమకిమ్మని బతిమాలుతున్నారట, కోట్లేసుకున్న పెద్దమనుషులు వీధి చివర యాపిల్ పళ్లు అమ్ముకుంటున్నారట. మొదటున్న ప్రభుత్వం కాస్త ఓపిక పట్టండి, దానంతటదే దారిన పడుతుందని చెబుతూ కూచుందట, జనానికి ఒళ్ళు మండి ఊరి చివర రేకులతో అట్టముక్కలతో కట్టుకున్న గుడిసెలకి ఆ ప్రెసిడెంటు పేరే పెట్టి తిట్టుకున్నారట. తరవాత కొత్త ప్రభుత్వం వచ్చి, పని లేనివాడికి పనిచ్చింది, కుర్రాళ్ల చేత అడవుల్లో మొక్కలు నాటించింది, వంతెనలు కట్టించింది, బళ్ళు కట్టించింది. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు లేస్తుంది, అప్పుడూ అంతే లేచేది, వెనక బెంచీలో నిద్రపోయే నేను కూడా ఉలిక్కిపడి లేచేవాణ్ణి.

మన ఉపాధి పనిలాంటిదే కదండీ అంటే, నువ్వు తట్ట మోసినట్టే వాళ్ళూ మోశారురా అని నవ్వుతారు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో. అడగాల్సిన మాట పక్కనబెట్టి ఆయన అడుగులో అడుగేస్తాను.

అలా నడుస్తూండగానే కాళ్ళ కింద సిమెంటు మెత్తబడి మట్టవుతుంది, చూస్తే లైనూ లేదు మేడలూ లేవు, కనుచూపుమేరా పత్తి చేను. కోనసీమవాణ్ణి, పత్తి చేను నేను చూసిందెప్పుడు, అందుకే ఆ పత్తి కూడా వరి దుబ్బుల్లాగే పాయలు తీసి ఊడ్చినట్టుంది, పైన మాత్రం తెల్లగా పూసింది. నా చేతిలో నాగలి మేడి ఉంది, నాగలికి ముందు ఒక కంచరగాడిద. గట్టు మీద టోపీవాడెవడో, గవర్నమెంటు మనిషిట, మూడు సాళ్ళకో సాలు పైరు మీదనుంచే దున్నెయ్యమంటున్నాడు. పత్తి ధర పాతాళానికి పోయింది, సరుకు తగ్గితే ధర లేస్తుంది, అందుకని పైరు దున్నేస్తే ప్రభుత్వమే రైతుకి డబ్బిస్తుంది అని మాస్టారు నా చెవిలో చెబుతున్నారు. నేను అదిలిస్తాను. కంచరగాడిద కదలదు. పుట్టిన దగ్గర్నుంచీ దానికి సాళ్ళ మధ్యనే నడవాలని, మొక్క మీద గిట్ట పడితే వీపు మీద దెబ్బ పడుతుందని నేర్పారు, ఇప్పుడు ఆ నేర్పినవాళ్ళే తొక్కమంటున్నారు, అది మెడ తిప్పి నా మొహంలోకి చూస్తోంది. చెర్నాకోల ఎత్తుతాను గానీ చెయ్యి రాదు.

ఈ కథే మాస్టారు మా ఊరి సొసైటీ గొడౌన్లో మైకు పట్టుకుని చెప్పింది. ఆ యేడు ధాన్యం కొనే నాథుడు లేడు, అమ్మబోతే అడివి కొనబోతే కొరివి, కళ్ళాల్లో బస్తాలు మొలకలెత్తాయి. ఈసారి తొలకరి పంట అసలు వెయ్యొద్దు, చేలన్నీ బీడు పెట్టి కూచుందాం, సర్కారే దిగొస్తుంది అని రైతులు మీటింగు పెట్టారు. సగం మంది ఊ అంటున్నారు, సగం మంది నసుగుతున్నారు. అప్పుడు మాస్టారు లేచి, అమెరికా అంతటి దేశంలో పంట వెయ్యనందుకు ప్రభుత్వం ఎదురు డబ్బిచ్చిందని, మొక్క తొక్కనని మొరాయించిన కంచరగాడిదల సంగతీ చెప్పేసరికి గొడౌను గొడౌనంతా నవ్వులు, చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే, మా మాస్టారు మరి. ఇంటికొచ్చి చెబితే నా భార్య రాఘవమ్మ చేటలో బియ్యం ఏరుతూ, చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టుంది మీ యవ్వారం అంది, చేనున్నోళ్ళు అలిగితే మళ్ళీ యేటికి వాళ్ళ చేను వాళ్ళకుంటది, మనకేముంటది అని అడిగింది. మాస్టారి కంటే నీకెక్కువ తెలుసా అని నోరు మూయించాను.

ఎవరూ దిగి రాలేదు. ఎదురు డబ్బూ లేదు, ఊడ్పులూ లేవు, ఆ వానాకాలం మా పేట ఆడవాళ్లు కొంగు నడుముకి దోపకుండా ఇళ్ళల్లో కూచున్నారు. బీడు పడ్డ చేలు చూసి రొయ్యల చెరువులవాళ్లు దిగారు, ఎలాగూ ఊరికే పడుందిగా, మాకివ్వండి అన్నారు. ఒకరి తరవాత ఒకరు ఇచ్చారు, మాస్టారూ ఇచ్చారు. ఉప్పునీళ్ళు పెట్టాక అది చేను కాదు. ఇప్పుడు ఆ చెరువులోనే నేను రొయ్యలకి మేత చల్లే కూలీని, మా నాన్న ఊడ్చిన మళ్ళ మీద తెప్పేసుకుని తిరుగుతున్నాను.

ఆ తలపు వచ్చిందో లేదో కలలో కూడా నీళ్ళు వచ్చేస్తాయి. పత్తి మునిగిపోయింది, కంచరగాడిద ఏమైందో, నీళ్ళు చిలికే చక్రాలు గరగరా తిరుగుతున్నాయి, మాస్టారూ నేనూ గట్టు మీద నిలబడి ఉన్నాం. అవతలి గట్టు మీద రేకుల గుడిసెల ముందు జనం తోపుడు బండ్ల మీదికి సామాను ఎక్కిస్తున్నారు, పరుపులు, కోళ్ల గంప, నీళ్ళ బిందెలు. ఎవరూ వాళ్ళని తరమడం లేదు, ఉండమనేవాళ్లూ లేరు. దగ్గరగా చూస్తే టోపీల కింద మొహాలన్నీ మా పేటవాళ్ళవే. రాఘవమ్మ చాప చుట్టి తాడేసి బిగిస్తోంది, నా వైపు చూడదు.

"మాస్టారూ, వీళ్ళెవరండి?"

"కౌలుదార్లురా. ఆ పత్తి చేలు దున్నినవాళ్ళు."

"వీళ్ళ సంగతి గొడౌన్లో మీరు చెప్పలేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుస్తారు, తుడిచిందే తుడుస్తారు. నాకు ఇక భయం పోతుంది. మీకు తెలుసా, తెలీదా, అదొక్కటి చెప్పండి, నేను వెళ్ళిపోతాను అంటాను.

"పాఠంలోనే ఉందిరా, ఆఖరి పేరాలో. ప్రభుత్వమిచ్చిన డబ్బు చేనున్నవాడి చేతికెళ్ళింది. పంట తగ్గించాక దున్నేవాడితో పనేముంది, చాలామందిని ఖాళీ చేయించారు."

"మరి మాకెందుకు చెప్పలేదండి?"

"పరీక్షకి రాదు కదరా."

నాకు మొదట అర్థం కాదు. తరవాత మా తరగతి గది గుర్తొస్తుంది, పాఠం మొదలెట్టే ముందే ఆయన పుస్తకాలు తెరిపించి, దీనికి టిక్కు పెట్టుకోండి, ఇది ఇంపార్టెంటు, ఇది కొట్టెయ్యండి అని చెప్పడం, మేం స్కేలు పెట్టి గీతలు కొట్టడం. ఆ పేరా మీద ప్రశ్న ఏ యేడూ రాలేదట. మొదట్లో ఒకసారి చదివి వినిపించాకే కొట్టించేవారట, తరవాత్తరవాత చదవకుండానే కొట్టించేవారట, ఏళ్ల తరబడి ప్రతి జూన్‌లోనూ కొట్టించగా కొట్టించగా ఆ ముక్క ఆయన బుర్రలోంచే పోయిందట. గొడౌన్లో మైకు పట్టుకున్నప్పుడు టిక్కు పెట్టించిందే నోటికొచ్చిందట. చేలోకి ఉప్పునీళ్ళు వదిలిన రోజు ఇంటికెళ్ళి, ఎందుకో అనుమానమొచ్చి, అటక మీదనుంచి ఆ పుస్తకం దింపి చూసుకున్నారట.

నాకు కోపం రావాలి, రాదు. తెలుసు అనడానికీ లేదు, తెలీదు అనడానికీ లేదు. ఇన్నాళ్లూ ఆ రెంట్లో ఏదో ఒకటి దొరికితే తిట్టుకోవడానికో దణ్ణం పెట్టడానికో వీలుంటుందని చూశాను. ఆ గీత నా పుస్తకంలోనూ ఉంది, ఆయన కొట్టెయ్యమంటే అమ్మయ్య ఒక పేరా తగ్గిందని సంబరపడ్డ వెధవల్లో నేనూ ఉన్నాను. బాధ మాత్రం ఇంకో దానికి కలుగుతోంది, ఆపుకోలేక అడిగేస్తాను.

"ఆ ముక్కేదో మా ఇంటికొచ్చి ఒక్కసారి చెప్పుంటే ఏం పోయేదండీ? రాఘవమ్మ ఇన్ని మజ్జిగిచ్చేది."

"వచ్చాన్రా, మీ గుమ్మం దాకా. నువ్వు నెత్తి మీద మేత బస్తా పెట్టుకుని ఎదురొచ్చావు." ఆయన ఎదురుగా ఉన్న నీళ్ళకేసి చూపిస్తారు. "నా చేలోకే మోస్తున్నావు."

నన్ను చూసి గొడుగెందుకు అడ్డం పెట్టుకున్నారో ఇప్పుడు తెలిసింది, తెలిసి ఏం లాభం, ఆయన పాడె మీద పడుకున్నప్పుడు కూడా నేను ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. అవతలి గట్టున మొదటి తోపుడు బండి కదులుతుంది. మాస్టారు ఉన్నట్టుండి నిటారుగా నిలబడి, ఇప్పుడు చెబుతాను వినరా అని, చేతిలో పుస్తకం లేకపోయినా ఉన్నట్టు రెండు అరచేతులూ తెరిచి పట్టుకుని చదవడం మొదలెడతారు. పెదాలు కదులుతున్నాయి. చక్రాల మోతలో ఒక్క అక్షరం వినపడదు. నేను దగ్గరికి జరుగుతాను, చెవి ఆయన నోటి దగ్గర పెడతాను, వినపడ్డం లేదండీ మాస్టారూ అని అరుస్తాను, ఆయన ఇంకా శ్రద్ధగా, బుగ్గల మీద నీళ్ళు కారుతూంటే, చదువుతూనే ఉంటారు.

మెలకువొచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని వరండాలో నవారు మంచం మీద వాలానన్న సంగతి నెమ్మదిగా గుర్తొచ్చింది. కరెంటొచ్చినట్టుంది, ఊరి చుట్టూ చెరువుల్లో చక్రాలు తిరుగుతున్నాయి. మా కోడలు ప్రశాంతి స్తంభానికి చేరగిలబడి డీఎస్సీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పైకి చదువుకుంటోంది, ఇంకో వారంలో పరీక్ష, ప్యాసైతే టీచరమ్మవుతుంది. బ్యాంకులు మూతబడుట, నిరుద్యోగం, కొత్త ప్రభుత్వం చేపట్టిన పనులు అని వల్లె వేస్తోంది. కల ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమైంది. ఇంతలో చదవడం ఆపి, పెన్సిలుతో పేజీలో ఒకచోట అడ్డంగా గీత కొట్టింది.

ఏంటమ్మా కొట్టేస్తున్నావు అన్నాను.

"ఇక్కడేదో కౌలు రైతుల గురించి ఉందండి మావయ్యగారూ. బిట్టు రాదంట, కోచింగులో వదిలెయ్యమన్నారు."

లేచి కూచున్నాను.

"పరీక్షకి కాదమ్మా, నాకు చదివి పెట్టు."

పిల్ల నా మొహంలోకి చూసి ఇంకేం అడగలేదు. గీత కింద అక్షరాలు సరిగ్గా కనబడక పుస్తకం వెలుతురుకి తిప్పుకుని, నెమ్మదిగా చదవడం మొదలెట్టింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. రాఘవమ్మ తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.