గంగాబాయి జబ్బ

ఆదివారం పొద్దున పంది జబ్బ మేడ మీది పొగ డ్రమ్ములోకి ఎక్కగానే గంగాబాయి కుడి జబ్బ బిగుసుకుపోయేది. ఇక ఆ పూటంతా ఎడమ చెయ్యే దిక్కు. ఏడెనిమిది గంటలు మామిడి చెక్కల పొగలో మగ్గి, లోపల ఎముక మాంసాన్ని వదిలిన క్షణాన ఆమె జబ్బ కూడా వదిలేది. చెయ్యి దానంతటదే లేచి కొంగు సర్దేది. కామాఠిపురాలోని ఆ చాల్‌లో, ఇంటికో గది ఉన్న నాలుగంతస్తుల వాళ్లూ పళ్లేలు పట్టుకుని మేడకెక్కే గచ్చి మెట్ల మీద కూర్చుని అడిగేది ఒకటే, "గంగాబాయి చెయ్యి లేసిందా?"

కొడుకు మంగేష్‌కు కొత్త వస్తువుల పిచ్చి. ఒకసారి మాంసంలో గుచ్చే సూది థర్మామీటర్ తెచ్చాడు. అంకె డెబ్బై దాకా పరుగెత్తి, అక్కడ రెండు గంటలు అలిగి కూర్చుంది. తొంభై తాకగానే అయిపోయిందన్నాడు. తల్లి చెయ్యి లేవలేదు. అయినా వినకుండా కోశాడు. ఆ రోజు నమిలీ నమిలీ చాల్ మొత్తానికి దవడలు నొప్పెట్టాయి. సూది అటకెక్కింది.

నిజానికి ఆ జబ్బ గంగాబాయిది కాదు, ఆమె మొగుడు ముత్తయ్యది అనాలి. పెళ్లైన కొత్తలో ఇద్దరూ దాదర్‌లో బిల్డింగు పనికి పోయి తిరిగొచ్చేటప్పుడు, లోకల్ బండిలో ఆయన రోజూ తల వాల్చి నిద్రపోయింది దాని మీదే.

ఇప్పుడు ముత్తయ్య మంచం పట్టాడు. ఇక చేసేదేం లేదని ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపి పన్నెండు రోజులైంది. ఆయన అడిగినవి రెండే. పోయేటప్పుడు ఆమె పక్కన ఉండాలి, పోయేలోగా ఒక్కసారి పొగ జబ్బ తినాలి. డ్రమ్మేమో పైన, మనిషేమో కింద. పదకొండు రోజులు ఆమె ఏదో ఒకటి చెప్పి దాటేసింది. ఆయన అలిగి గంజి కూడా ముట్టకపోయేసరికి, పక్క ఖోలిలో ఉండే తారాబాయిని కూర్చోబెట్టి, గుండె రాయి చేసుకుని ఎనిమిదింటికి పైకెక్కింది.

పదకొండింటికి చెయ్యి లేచింది. ఇంత తొందరగా ఎన్నడూ లేదు. దేవుడు కనికరించాడు, వేడివేడిగా తినిపిస్తాను అనుకుని మంగేష్‌ని పిలిచింది. వాడు మూత తీసి, ఎముక పట్టుకుని తిప్పి చూశాడు. గోడకు కొట్టిన మేకులా ఉంది.

"అమ్మా, ఇంక కచ్చాగనే ఉంది. సగం గూడ కాలే."

గంగాబాయి తన చెయ్యి వంక చూసుకుంది. ఆ జబ్బ ఎన్నడూ అబద్ధమాడలేదు. అది లేచింది మాంసం కోసం కాదు, ముత్తయ్య కోసం. మెట్లు దిగడం మొదలుపెట్టాక వెనక్కి చూడలేదు.

మంచిగా నిద్రపోతున్నాడు, నువ్వు పో అంది తారాబాయి. గంగాబాయి మంచమెక్కి, గోడకు ఆనుకుని, ఆయన తలను కుడి జబ్బ మీదికి తీసుకుని చెయ్యి చుట్టూ వేసింది. పొగ వాసనకు ముత్తయ్య కళ్లు తెరిచాడు.

"అయ్యిందా?"

"అయ్యింది."

"ఎముక ఇడిసిందా?"

"ఇడిసింది. మంగేష్ తెస్తుండు."

ఆయన పెదాలు చప్పరించాడు. తర్వాత ఊపిరి రాలేదు.

ఆ వెంటనే ఆమె జబ్బ మళ్లీ బిగుసుకుంది. ధారావి నుంచి మరిది రాజమల్లు వచ్చాడు, పాడె కట్టారు, పూలు వచ్చాయి. ఆయన్ని తీయబోతే ఆ చెయ్యి రాలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఎందుకో అందరికీ తెలుసు. రాజమల్లే మంగేష్‌ని భుజం తట్టి పైకి పంపాడు. తండ్రి శవం కింద పెట్టుకుని, వాడు ఏడుస్తూ డ్రమ్ములోకి చెక్కలు వేస్తూ కూర్చున్నాడు. మంట పెంచితే తొందరగా అవుతుందని తెలుసు. పెంచడానికి చేతులు రాలేదు. చాల్ అంతా ఆ పొగలో నిలబడింది.

నాలుగింటికి పైన ఎముక మంగేష్ చేతిలోకి శుభ్రంగా జారి వచ్చింది. కింద గంగాబాయి జబ్బ వదులైంది. ముత్తయ్యను పాడె మోసేవాళ్ల చేతుల్లో పెట్టేముందు ఆమె ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"ఇప్పుడు అయ్యిందయ్యా."