సాక్షి పలక

లోకమునకెల్ల కన్నైన లోకమిత్ర,
చీకటుల దాగు కపటంబు చీల్చువాడ,
మాట నమ్మిన వారిని మనుచువాడ,
కథకు ముందుగ మ్రొక్కెద, కర్మసాక్షి!

ఊరి చివర గోదాముల వరుసలో, రేకుల కప్పు కింద ఒక చిన్న కార్ఖానా ఉండేది. అందులో గడ్డి గుజ్జుతో నారు పోసుకునే గిన్నెలు చేసేవారు. మొక్కను గిన్నెతో సహా పాతిపెడితే, గిన్నె మట్టిలో కరిగి వేళ్ళకు దారి ఇవ్వాలి. ఆ సరుకు గొప్పతనమంతా అదే. కార్ఖానాను నడిపేది ఇద్దరు తోడికోడళ్ళు. గుజ్జు పని పెద్దామెది, కన్ను చిన్నామెది.

కన్ను అంటే చిన్నామె స్వయంగా కూర్చిన యంత్రం. కదిలే పట్టా మీద గిన్నెలు సాగిపోతుంటే, మన చూపుకు ఆనని వెలుగొకటి పైనుండి వాటిపై పడుతుంది. తిరిగివచ్చిన వెలుగును బట్టి తడి ఎంతో, కల్తీ ఏమిటో కన్ను పసిగడుతుంది. మంచిదైతే పచ్చదీపం. కాకుంటే ఎర్రదీపం వెలిగి, ఇనుప చెయ్యి ఒకటి దాన్ని పక్కనున్న బుట్టలోకి నెట్టివేస్తుంది. అయితే ఆ కన్ను పుట్టుజ్ఞాని కాదు. పంట మారితే గడ్డి రంగు మారుతుంది గనుక, స్వచ్ఛమైన గుజ్జుతో ఒక పలక పోసి, దాని ఎదుట పెట్టి, మంచి అంటే ఇదీ అని ప్రతి పంటకూ నేర్పాలి. దానినే వారు సాక్షి పలక అనేవారు.

తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అని లోకం మాట. వీరు ఆ మాటను అబద్ధం చేసినవారు. కొత్తకోడలు యంత్రాలు విప్పుకుని కూర్చుంటే ఇల్లెలా గడుస్తుందని అత్తగారు మూతి విరిచిన రోజున, “ఇల్లు నేను గడుపుతాలే అత్తయ్యా, దాన్ని విప్పుకోనివ్వండి” అని అడ్డుపడ్డది పెద్దామే. నాటినుండి చిన్నామెకు ఆమె మాట వేదవాక్కు.

ఒక ఉదయం నారుతోట యజమాని లారీ వేసుకుని సరుకు కోసం వచ్చాడు. మనిషికన్నా ముందు ఆయన గొంతు లోపలికి వచ్చింది.

“ఏమమ్మా, గిన్నెలకు ఏం తినిపిస్తున్నారు? నిరుడు నీళ్ళు పోస్తే ముసలాడి దవడల్లా జారిపోయేవి. ఇప్పుడు వస్తాదుల్లా నిలబడుతున్నాయి!”

“పొగడ్త వెనకాలే బేరం వస్తుందని నాకు తెలుసు బాబాయ్,” అంది చిన్నామె.

“బేరం కాదు తల్లీ! నవ్వుకుందామని నిరుటిది ఒకటి తెచ్చా.” ఆయన సంచిలోంచి పాత గిన్నె తీసి, సాగుతున్న పట్టా మీద పెట్టాడు.

ఎర్రదీపం వెలిగింది. ఇనుప చెయ్యి గిన్నెను బుట్టలోకి తోసేసింది.

“చూశారా! కన్నతల్లే కాదన్నట్టు, మీ కన్నే మీ పాత సరుకును గెంటేసింది!” అని ఆయన పకపకా నవ్వి, కూలీల చేత సరుకు ఎక్కించుకోవడానికి వాకిట్లోకి వెళ్ళాడు.

చిన్నామెకు నవ్వు రాలేదు. నిరుటి గుజ్జును ఆమె స్వయంగా పరీక్షించింది. అందులో గడ్డీ నీరూ తప్ప మరొకటి లేదు. తడి తేడా ఏమోనని గిన్నెను పొయ్యి దగ్గర ఆరబెట్టి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే. పంట తేడా ఏమోనని తనకు తాను సర్దిచెప్పుకుంటూనే, రెండు పళ్ళేలలో వేడినీళ్ళు పోసి, ఒకదానిలో పాతదీ, రెండవదానిలో కొత్తదీ నానవేసింది. పాతది గంజిలా కరిగిపోయింది. కొత్తదీ కరిగింది గాని, దానిపై మీగడలాంటి పొర ఒకటి తేలింది. వేళ్ళ మధ్య లాగితే సాగిందే తప్ప తెగలేదు. ప్లాస్టిక్!

చివరికి కన్ను ఎదుటనున్న సాక్షి పలకనే ఊడదీసి, మూల విరిచి నానవేసింది. అదే పొర. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

ఈ ఏడు వానలు మొదలైన రోజున ఆ పలకను పెద్దామె గుడ్డలో చుట్టి, ఇంకా వెచ్చగా ఉండగానే తెచ్చి ఇచ్చింది. “కొత్త పంటది, చెల్లీ, నేర్పించెయ్.” చిన్నామె ఏ పరీక్షా చేయకుండా మీట నొక్కింది.

పెద్దామె గుజ్జు తొట్టి దగ్గర ఉంది. విరిగిన పలకను చూడగానే ఆమె చేతిలోని తెడ్డు ఆగిపోయింది.

“ఏం కలిపావక్కా?”

“వానల్లో సరుకు చతికిలపడుతోంది. కొనేవాళ్ళు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. ఒక పిడికెడు పొడి కలిపానంతే. కొంపేమీ మునిగిపోలేదుగా!”

“నాకు చెప్పలేదేం?”

“చెప్తే ఒప్పుకుంటావా? కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం నువ్వు!”

“అందుకని నా కన్నుకే అబద్ధం నేర్పించావా?”

“నేనెక్కడ నేర్పానే? మీట నొక్కింది నువ్వే కదా!”

చిన్నామె విరిగిన పలకను తొట్టి గట్టు మీద పెట్టింది.

“అవును, నేనే. ఇంకెవరు తెచ్చిచ్చినా నానబెట్టి చూసేదాన్ని. నువ్వు తెచ్చావని నొక్కాను.”

పెద్దామె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “ఈ ఒక్క లోడు పోనీ చెల్లీ. తర్వాత మానేద్దాం. గుట్టు మన మధ్యే ఉండనీ. తోట బాబాయ్ చెవిన పడిందా, ఇక మన ముఖం చూసేవాడుండడు.”

“వేళ్ళు ఆ పొరను చీల్చుకోలేవు. మొక్కలు చస్తాయి.”

“మొక్కల కోసం నన్ను బజారుకీడుస్తావా?”

పెద్దామె కళ్ళలో నీళ్ళు నిలిచాయి. చిన్నామె వాటిని చూసింది. అవి నిజమైనవో, ఆ పలకవంటివో తేల్చుకోలేకపోయింది. ఆ సందేహం ఆమెను కోసినంతగా మోసం కూడా కోయలేదు. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని చదివిన మనిషిని ఇకపై అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవాలి.

ఆమె వాకిట్లోకి నడిచింది. లారీ సగం నిండింది.

“దించేయండి బాబాయ్. ఇవి మట్టిలో కలవవు. వీటిలో ప్లాస్టిక్ ఉంది. మంచివని నా కన్ను చెప్పిన మాట అబద్ధం.”

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. “పోయిన లోడు?”

“అదీ ఇంతే.”

“పాతేశాం తల్లీ. తోటంతా పాతేశాం.” ఆయన అరుగు మీద కూలబడ్డాడు. “వస్తాదులని ఊరంతా చెప్పుకున్నానే!”

“ప్రతి మొక్కనూ తవ్వి గిన్నె చీల్చాలి. నేనూ వస్తాను. ఒక పార ఇప్పించండి చాలు.”

ఆయన లేచి, ఎక్కించిన సరుకంతా దింపించి, లారీ తలుపు తెరిచాడు.

పెద్దామె గుమ్మంలో నిలబడి ఉంది. “ఏమే, రాత్రికి అన్నానికి వస్తావా?” అని అడిగింది, ఏమీ జరగనట్టే, రోజూ అడిగినట్టే.

“నా కోసం చూడకండి. మీరు తినేసి పడుకోండి.”

ఇన్నేళ్ళలో ఎన్నడూ చిన్నామె ఆమెను మీరు అన్నది లేదు. పదిమంది ఎదుట దక్కిన ఆ గౌరవానికి పెద్దామె చెంపదెబ్బ తిన్నదానిలా గుమ్మాన్ని పట్టుకుంది. లారీ కదిలింది. చిన్నామె వెనుదిరిగి చూడలేదు. ఒడిలోని చేతులకు ఆ పొర ఇంకా అంటుకునే ఉంటే, గోటితో గీకి తీసుకుంటూ కూర్చుంది.

ఈ కథ విన్నవారి ఇంట నమ్మకం నానినా చెడకుండుగాక! నాటిన ప్రతి మొక్కకూ వేరు దిగుగాక! మోసపోయినవారికి మనశ్శాంతియు, మోసగించినవారికి పశ్చాత్తాపమును ఆ కర్మసాక్షి ప్రసాదించుగాక!